రెండో గీత

రాస్ అల్ ఖైమా. ఆగస్టు. రాత్రి పదకొండు.
బయటి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా చురుక్కుమంటోంది.
లోపల నేను స్వెటర్ తొడుక్కుని
రాగితీగ చుట్టలోకి గాజుగొట్టం దించుతున్నాను.

ముందు కలరా ఉండల పొడి.
పట్టుచీరల మడతల్లో దాచే ఆ ఉండలే.
యంత్రానికి శ్రుతి పెట్టేది దీనితోనే:
ముప్పైనాలుగు మెగాహెర్ట్జ్ దాటీ దాటగానే
అందులోని క్లోరిన్ పలుకుతుంది.
గది ఒక్క డిగ్రీ వేడెక్కినా
ఆ గొంతు కిందికి జారుతుంది.
అందుకే ఈ స్వెటర్.

చూడ్డానికొచ్చినవాళ్ళు అడుగుతారు, అయస్కాంతం ఏదీ అని.
అక్కర్లేదంటాను.
క్లోరిన్ కేంద్రకం నున్నటి గోళీ కాదు,
కాస్త అణిగిన ఉసిరికాయ.
ఇరుగుపొరుగు ఎటునుంచి ఒత్తుతున్నారో
దానికి తెలుస్తూనే ఉంటుంది.
రేడియో తరంగంతో ఓసారి తట్టి చెవి ఒగ్గితే
ఆ ఒత్తిడే అంకె అయి వస్తుంది.

ఇవాళ్టి పని తిరిగొచ్చిన మాత్రలు.
కాళ్ళవాపుకు వేసుకునేవి, తెల్లటివి.
పరీక్షలన్నీ పాసయ్యాయి,
మందు తొంభైతొమ్మిది పాయింట్ ఎనిమిది శాతం.
ఒక్కటే లోపం, నీళ్ళలో కరగవు.
కరుగుతాయిలెండి, తీరిగ్గా.
వాపు అంతసేపు ఆగదు.

నూరి చూద్దామంది డాక్టర్ లుబ్నా.
వద్దన్నాను.
నూరితే స్ఫటికం ఆ దెబ్బకే ఇంకో రూపం ఎత్తొచ్చు,
అప్పుడది చెప్పేది మాత్ర సంగతి కాదు, రోలు సంగతి.
ఉన్నదున్నట్టుగా గొట్టంలో వేశాను.

ఒక్కసారి అడిగితే ఏముంది, గొణుగుడు.
ఎక్కడిదో పాటల స్టేషను, ఏసీ మోటారు,
ఎవరిదో ఫోను ఛార్జరు, అన్నీ కలిసిన హోరు.
నలభై వేలసార్లు అడిగాను.
ఒంటిగంట దాటాక హోరు దానంతటదే అణిగింది.
ఉండాల్సిన చోట గీత లేచింది.
దాని పక్కన ఇంకోటి,
పొట్టిది, ఉండకూడనిది.

అవే అణువులు. ఒక్క పరమాణువు తరగలేదు, పెరగలేదు.
లేబర్ క్యాంపులో ఆరు మంచాల గదిలో
మంచాలు అడ్డం తిప్పి వేసుకున్నాక
తలుపు సగమే తెరుచుకుంటుందే,
అలాగ.

ఎక్కడ తిరిగింది ఈ స్ఫటికం?
కంటైనరు చల్లగానే ఉందని కంప్యూటర్లో ఉంది.
గోదాములో లోడింగు చూసే పోశెట్టిని
రేపు ముగ్గురు ఎదురుగా కూచుని అడుగుతారట.
నాకు ఆ రోలే గుర్తొచ్చింది.

కిందికి వెళ్ళి కాగితాల రిజిస్టరు తీశాను.
అరబ్బీ, ఇంగ్లీషు, మలయాళం,
ఆ సందులో ఓ పక్కకి పెన్సిలుతో:
"మూడు దినాలాయె ఏసీ బందువడి.
ఎండల్నే ఉన్నది. సారుకు జెప్పిన. ఇనలే."
తేదీ ఉంది. టైము కూడా.
పక్కనే ఎనిమిది స్టాంపులు,
ఎనిమిది మంది పేజీ తిప్పి వేసినవి.

ఫోటో తీసి, రిపోర్టులో
రెండో గీత కింద అతికించాను.
ఇంగ్లీషులోకి మారుస్తూ "ఇనలే" దగ్గర ఆగిపోయాను.
ఆ భాషలో చెవికి ఒక మాట, మనసుకు ఇంకో మాట.
చెవికి తగిలేది రాశాను, కొట్టేశాను.
రెండోది రాశాను.

పొద్దున్నే సంతకం పెట్టేముందు
శ్రుతి సరిగ్గా ఉందో లేదో మళ్ళీ చూడాలి, రూలు.
కలరా ఉండల పొడి దించాను, వేళ్ళకి ఆ వాసన.
గీత పిసరంత కిందికి జారి ఉంది.

వెనక్కి తిరిగి చూశాను.
గోదాముకి దిగుతూ
తలుపు నేనే వెయ్యలేదు.